పథ్యం తప్పినవాళ్ళు

ఎనభైల మొదట్లో అమెరికాలోని పిస్కాటవేలో ఉండే మనవాళ్ళకి డాక్టరంటే తెలుసు, ఇంజనీరంటే తెలుసు. స్టాటిస్టీషియన్ అంటే మాత్రం ఎవరికీ అంతుపట్టేది కాదు. నేను ఒక మందుల కంపెనీలో ఆ పని చేసేదాన్ని. తలా ఒక వంట చేసి తెచ్చుకునే పాట్‌లక్‌లలో నన్ను "లెక్కలావిడ" అని పరిచయం చేసేవారు. అది విని ఒకాయన లాటరీ నంబరు చెప్పమన్నాడు, ఒకావిడ వాళ్ళమ్మాయి జాతకం తెచ్చి చేతిలో పెట్టింది. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. "కొత్త మందు వేసుకున్నవాళ్ళకీ, వేసుకోనివాళ్ళకీ తేడా ఉందో లేదో చూస్తామండీ" అనేదాన్ని. "వేసుకుంటే తగ్గుతుంది, వేసుకోకపోతే తగ్గదు. అందులో చూడ్డానికేముంది?" అనేవారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే కంపెనీ నాకు జీతమిస్తోందంటే ఈ దేశంలో డబ్బు ఎక్కువైపోయిందని జాలిపడేవారు.

మా బావగారికి మాత్రం నా పని మీద గౌరవం ఉండేది. ఆయన మా ఆయనకి స్వయానా అన్నగారు. అరవైల చివర్లో అమెరికా వచ్చి, లివర్ జబ్బులకి పేరున్న డాక్టరయ్యారు. పచ్చకామెర్లతో వచ్చే పేషెంట్లలో చాలామందికి ఆయన చెప్పేది ఒకటే మాట: "ఇది వైరస్. దీనికి మందు లేదు. ఇంటికెళ్ళి పడుకోండి. దానంతట అదే తగ్గుతుంది." అక్షరాలా నిజం. ఆ నిజం చెప్పినందుకు ఫీజు పుచ్చుకుని ఇంటికొచ్చేవారు. టై విప్పి కాఫీ తాగేసరికి ఆయనలోని డాక్టరు లేచి వెళ్ళిపోయి, ఆ కుర్చీలో మనవడు వచ్చి కూర్చునేవాడు. ఇక అప్పుడు కామెర్లకి మందు లేకపోవడమేమిటి? తాతగారి పసరు ఉండగా!

ఆ తాతగారు మా అత్తగారికి మామగారు. గోదావరి జిల్లాలో ఆయన పేరు చెబితే చాలు, కామెర్లు సగం తగ్గేవని బావగారి మాట. ఆదివారం పొద్దున్నే పరగడుపున పసరు పోసేవారట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారట. ఎవరి దగ్గరా దమ్మిడీ పుచ్చుకునేవారు కాదట. ఆకు ఏమిటో మాత్రం కన్నకొడుక్కి కూడా చెప్పలేదు, చెబితే గుణం పోతుందని. పసరు తాగాక పథ్యం. ఉప్పు, పులుపు, కారం, నూనె ఏవీ నాలిక్కి తగలకూడదు. కళ్ళు మళ్ళీ తెల్లబడేదాకా చప్పిడి అన్నమే.

ఆ ఏడు వేసవిలో తెలుగువాళ్ళ పెద్ద సభలు జరగబోతున్నాయి. ఆ సభల సావనీర్ సంచికలో తాతగారి పసరు గురించి సైంటిఫిక్‌గా ఒక వ్యాసం వెయ్యాలని బావగారి కోరిక.

"వ్యాసం రాసేశానమ్మాయ్. రిజల్ట్ ఒక్కటీ మిగిలింది. అది నువ్వు ఫిల్ చేసి పెట్టాలి" అన్నారు.

రిజల్ట్ కోసం ఆయనే ఒక పరిశోధన కూడా చేసేశారు. ఒక శనివారం వాళ్ళింట్లో పాట్‌లక్. బేస్‌మెంట్ నిండా జనం. ఫాయిల్ కప్పిన ట్రేలు ఇంకా విప్పలేదు. బావగారు మధ్యలో నిలబడి, "చిన్నప్పుడు కామెర్లొచ్చి పసరు తాగినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. మన జిల్లాలవాళ్ళే ఎక్కువ కాబట్టి చాలా చేతులు లేచాయి. "తగ్గనివాళ్ళు చెయ్యి దించెయ్యండి." ఒక్క చెయ్యి కూడా దిగలేదు.

"హండ్రెడ్ పర్సెంట్!" అన్నారు బావగారు నా వైపు తిరిగి. "నీ కంపెనీలో ఏ మందుకైనా ఇలాంటి రిజల్ట్ వచ్చిందా, చెప్పు?"

"రాలేదండీ. కానీ తగ్గనివాళ్ళు ఇక్కడికి రాలేదు కదా బావగారూ."

"ఎందుకు రాలేదు?"

"పోయారు కదండీ. పోయినవాళ్ళకి వీసా ఇవ్వరు."

బేస్‌మెంటంతా గొల్లుమంది. బావగారు నవ్వలేదు. ఆయన ముఖం చూశాక ఆ మాట నెమ్మదిగా అని ఉండాల్సిందనిపించింది. కానీ మనిషి నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "రైట్. అది బయాస్. అయితే నువ్వే సరిగ్గా చెయ్యి. ఏ రిజల్ట్ వస్తే అది ప్రింట్ చేస్తాను, మాటంటే మాట" అన్నారు. ఎలా వచ్చినా తాతగారే గెలుస్తారని ఆయన ధీమా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. అయితే నాలుగో కాలు చూపిస్తే లెక్కపెట్టుకుంటారు కూడా. అలాంటివాళ్ళు అరుదు.

కారులో మా ఆయన, "నీకెందుకే ఈ గొడవ? ఏదో రాసుకుంటాడు, నలుగురూ చప్పట్లు కొడతారు, మర్చిపోతారు" అన్నాడు. ఆయన ఇంజనీరు. పనిచేస్తున్నదాన్ని విప్పి చూడకూడదన్నది ఆయన సిద్ధాంతం. నేను వినలేదు.

ఆ చలికాలమంతా ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా అదే పని. ప్రశ్న మాత్రం మార్చాను. పసరు తాగి ఎవరికి తగ్గిందని అడగలేదు. మీ ఇంట్లో, మీ వీధిలో కామెర్లు ఎవరెవరికి వచ్చాయి, వాళ్ళేం చేశారు, తర్వాత ఏమైంది, ఈ మూడే అడిగాను. హాల్లో మగవాళ్ళకి బతికినవాళ్ళే గుర్తు. వంటింట్లోకి వెళ్ళి అదే ప్రశ్న అడిగితే ఆడవాళ్ళకి పోయినవాళ్ళు కూడా గుర్తు. ఒకే ఇంటి మొగుడూ పెళ్ళాలు రెండు వేర్వేరు ఊళ్ళలో పెరిగినట్టు చెప్పేవారు. వంటింట్లో గారెలు వేగుతూంటే మా పిన్ని కొడుకు, మా పక్కింటి అమ్మాయి, మా పెద్దమ్మ అని ఒకరి తర్వాత ఒకరు మాటల్లోకి వచ్చేవారు. పసరు తాగి పోయిన ప్రతి మనిషితోనూ ఒక మాట వచ్చేది: "పసరు తాగాడు గానీ, పథ్యం తప్పాడు."

ఎవరినడిగినా అదే మాట. ఒకడు బెల్లం తిన్నాడు, ఒకామె చేపల పులుసు వాసన చూసింది. వాసన చూసినా తప్పినట్టేనట. పసరు తాగి బతికితే పసరు మహిమ, తాగి పోతే పథ్యం తప్పిన పాపం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. ఇక పసరు తాగనివాళ్ళు కూడా దొరికారు. మిషన్ ఆసుపత్రిలో గ్లూకోజు నీళ్ళు తాగినవాళ్ళు, చెరుకురసం తాగి పడుకున్నవాళ్ళు, పట్టించుకునే దిక్కులేక పచ్చటి కళ్ళతోనే బడికి వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళలోనూ చాలామందికి తగ్గిపోయింది. అయితే వాళ్ళు పేరంటాల్లో చెప్పుకోవడానికి కథ లేనివాళ్ళు. అందుకే ఎవరికీ గుర్తురారు, అడిగితే తప్ప.

నా సొంత పుట్టింటి వైపు వాళ్ళని కూడా ఫోన్లు చేసి అడిగాను. అడగాల్సినవాళ్ళు ఒక్కరే మిగిలారు, మా అత్తగారు.

మా మామగారు పోయాక ఆవిడ వచ్చి బావగారింట్లో ఉండేవారు. నూలుచీర మీద స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు. వంటింట్లో ఆడవాళ్ళందరూ పోటీలు పడి చెబుతుంటే ఆవిడ మాత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేవారు. మితంగా మాట్లాడే మనిషి. ఇండియా నుంచి తెచ్చిన మాగాయ అందరికీ కొసరి కొసరి వడ్డించేవారు గానీ తను వేసుకునేవారు కాదు. ఊరగాయ పెట్టినప్పుడు కూడా "ఉప్పు చూడవే" అని ఎవరికో ఒకరికి ఇచ్చేవారు. బీపీ కాబోలనుకున్నాను. అడిగితే "నాకు పడదులే" అన్నారు.

ఒకరోజు అందరూ వెళ్ళిపోయాక అడిగాను. "అత్తయ్యా, మనింట్లో ఎవరికైనా వచ్చాయా కామెర్లు?"

"పెద్దాడికి వచ్చాయి. తగ్గాయి."

"ఇంకెవరికీ రాలేదా?"

ఆవిడ చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేశారు. "రెండోవాడికి వచ్చాయి. వాడు నీ లెక్కలోకి రాడులే."

బావగారికీ మా ఆయనకీ మధ్య ఇంకొక పిల్లాడు ఉండేవాడని నాకు తెలుసు. జ్వరమొచ్చి పోయాడని మా ఆయన చెప్పాడు. ఆయన ఇంకా పుట్టకముందు మాట, ఆయనకీ అంతే తెలుసు.

"ఎందుకు రాడత్తయ్యా?"

"మందు తప్పు కాదు గనక. పథ్యం తప్పించింది నేను."

ఆ పిల్లాడు చప్పిడి అన్నం నోట్లో పెడితే ఊసేసేవాడట. మాగాయ టెంక కావాలని ఒకటే ఏడుపట. మాగాయలో ఊరిన ఆ టెంక కోసం మా వైపు పిల్లలు కొట్టుకుంటారు. గంటలకొద్దీ చీకుతూ కూర్చుంటారు. "నీళ్ళల్లో కడిగి, కారమంతా ఊడ్చి చేతిలో పెట్టానే. ఎంత సంబరంగా చీకాడనీ" అన్నారావిడ. ఆ తర్వాత పిల్లాడికి తెలివి తప్పింది. మళ్ళీ రాలేదు.

"మావగారు అరుగు మీద నలుగురిలో చెప్పారు, నా మందుకి లోపం లేదు, తల్లే పథ్యం తప్పించిందని. ఆయన చెడ్డవారు కాదే, ఆయనా ఏడ్చారు. ఆ వచ్చే ఆదివారం ఎప్పట్లాగే జనం వచ్చారు పసరుకి."

"తర్వాత మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అనేవారా?"

"ఎందుకంటారు? ఒకసారి అనేశారుగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో తాతగారి కీర్తి దేని మీద నిలబడి ఉందో నాకు అప్పుడు కనబడింది. చచ్చిపోయిన ఆ పెద్దాయనతో పోట్లాడదామంటే కుదరదు. ఆయన మనవడేమో ఫోటోకి దండ వేసి సావనీర్‌కి వ్యాసం రాస్తున్నాడు.

మా విద్యలో మొదటి నీతి ఏమిటంటే, ఫలితం ఇలా రావాలని కోరుకోకూడదు. నేను నిలువునా కోరుకున్నాను. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు, నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. అందుకని ఒక్కొక్కరికీ తగ్గిందో పోయారో అంతమట్టుకే కార్డుల మీద రాసి, పసరు తాగినవాళ్ళవి ఒక కట్ట, తాగనివాళ్ళవి ఒక కట్ట కట్టి, ఏది ఎవరిదో చెప్పకుండా లెక్కకట్టమని మా ఆయనకిచ్చాను. ఆయన రెండింటినీ చేతుల్లో తూచి, "ఏ కట్ట గెలిస్తే ఇంట్లో నాకు అన్నం దొరుకుతుందో ముందే చెప్పు" అన్నాడు. చెప్పలేదు. ఆయన లెక్కలో రెండు కట్టలకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ సర్వేని మా ఆఫీసులో చూపిస్తే నా ఉద్యోగం ఊడేదన్న సంగతి వేరే. పాట్‌లక్‌లలో గారెలు తింటూ పోగేసిన జ్ఞాపకాలవి. అయినా ఉన్నంతలో అదీ ఫలితం.

కానీ బావగారు ఏమంటారో నాకు ముందే తెలుసు. పథ్యం తప్పినవాళ్ళని తీసేసి చూడమంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆఫీసులో దొరికింది. ఆ వారమే మా కంపెనీ కొత్త మాత్ర ఫలితాల మీద మీటింగ్. మాత్ర వేసుకున్నవాళ్ళలో కొందరికి జబ్బు ఎక్కువైంది. మా బాసు, తెల్లజుట్టు అమెరికన్, పెన్సిలుతో ఆ వరసలు కొట్టేస్తూ, "వీళ్ళు మాత్రలు సరిగ్గా వేసుకోలేదు. నియమాలు తప్పారు. వీళ్ళని తీసేసి మళ్ళీ లెక్క కట్టు" అన్నాడు. నాకు ఆపుకోలేనంత నవ్వు వచ్చింది.

"ఏమిటి విషయం?" అన్నాడు.

"ఏం లేదు, మా అత్తగారి మామగారు గుర్తొచ్చారు."

"ఆయన కూడా స్టాటిస్టీషియనా?"

"కాదు. ఈ పద్ధతి మాత్రం మీకంటే ముందే కనిపెట్టారు" అన్నాను. నవ్వు ఆగాక నా నోట్లోంచి ఒక ప్రశ్న వచ్చింది: "బాగుపడినవాళ్ళు మాత్రలన్నీ వేసుకున్నారా? వాళ్ళ సీసాల్లో మిగిలినవి ఎవరైనా చూశారా?" బాసు పెన్సిలు కింద పెట్టాడు. ఎవరూ చూడలేదు. బాగుపడినవాణ్ణి ఎవరు అడుగుతారు?

ఆ శనివారమే పాట్‌లక్‌లో, హాల్లో మగవాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చున్నాను. పసరు తాగి బతికిన పెద్దమనుషులందరినీ, "నిజం చెప్పండి, పథ్యం ఎప్పుడైనా తప్పారా?" అని అడిగాను. ముందు సిగ్గుపడ్డారు. తర్వాత ఒకాయన మొదలుపెట్టాడు, బడి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాడట. ఇంకొకాయన రాత్రిళ్ళు ఆవకాయ నాకేవాడట. ఒకాయనకైతే పథ్యం చూసి జాలిపడి అమ్మమ్మే పులిహోర పెట్టేదట. ఒకరిని మించి ఒకరు గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. బతికినవాళ్ళకి పథ్యం తప్పడం కొంటెతనం, చచ్చినవాళ్ళకి అదే నేరం. నేను నవ్వుతూనే విన్నాను గానీ లోపల మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు ఆదివారం బావగారింట్లో భోజనం. అన్నాల దగ్గరే నా ఫలితం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. నేను అనుకున్న మాటే అన్నారు.

"పథ్యం తప్పినవాళ్ళని కూడా నువ్వు పసరు గ్రూపులోనే వేశావు. దే షుడ్ బీ ఎక్స్‌క్లూడెడ్. తీసేసి చూడు."

"తీసేస్తే తాతగారే గెలుస్తారండీ. చచ్చిపోయినవాళ్ళందరినీ తీసేసినట్టవుతుంది కదా."

"తప్పారు కాబట్టే పోయారు."

"మరి బతికినవాళ్ళు తప్పలేదా?" నిన్న హాల్లో విన్నవన్నీ చెప్పాను, బజ్జీలూ పులిహోరా అన్నీ.

"ఆ కథలన్నీ జోక్స్ అమ్మాయ్. అవి డేటా కాదు."

"సరే. ఒక్కరినే అడుగుతాను. మీరు తప్పారా బావగారూ?"

మా అత్తగారు చల్ల గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. బావగారు ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయనకి. లేదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. అక్కడెవరికీ తెలిసే అవకాశం లేదు. ఆయన అబద్ధమాడలేదు. అందుకు ఆయనంటే నాకు ఇవాళ్టికీ గౌరవం.

"తిన్నాను" అన్నారు.

"ఏం తిన్నారు?"

"మాగాయ. అమ్మ చెరువుకెళ్ళినప్పుడు జాడీలో చెయ్యి పెట్టేవాణ్ణి. ఒకసారి కాదు, చాలాసార్లు." కంచంలో వేళ్ళు కదుపుతూ, "తమ్ముడికంటే ముందు నాకొచ్చాయి కదా. వాడికి టెంక తీసిన ఆ జాడీయే" అన్నారు.

"మరెవరికీ చెప్పలేదా?"

"నాకు తగ్గిపోయిందిగా. ఎవరూ అడగలేదు."

అత్తగారు వచ్చి గిన్నె బల్ల మీద పెట్టారు. "చల్ల పోసుకోండర్రా" అని లోపలికి వెళ్ళిపోయారు. బావగారు ఆ పూట చల్లదాకా రాలేదు, మధ్యలోనే లేచి చెయ్యి కడిగేసుకున్నారు.

ఆ వేసవిలో సావనీర్ వచ్చింది. తాతగారి మీద వ్యాసం ఉంది. ఆయన దాతృత్వం, దూరాభారం నుంచి వచ్చినవాళ్ళకి అన్నాలు పెట్టడం, దమ్మిడీ ముట్టకపోవడం, అన్నీ ఉన్నాయి. మందు పనిచేసిందో లేదో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. మాటంటే మాటన్న మనిషి నా ఫలితం వెయ్యలేదు, దానికి విరుద్ధంగానూ వెయ్యలేదు. దాని గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

కానీ ఆ ఆదివారం ఇంకా మిగిలి ఉంది. భోజనాలయ్యాక నేను వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు సింకు దగ్గర గిన్నెలు తోముతున్నారు. డిష్‌వాషర్ ఉన్నా ఆవిడ దాన్ని నమ్మేవారు కాదు. నేను తుడిచే గుడ్డ తీసుకుని పక్కన నిలబడ్డాను. ఆవిడ అందించిన గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి పెట్టాను.

"అయితే టెంక వల్ల కాదంటావా?" అన్నారు, నా వైపు చూడకుండానే.

మా వృత్తిలో 'తేడా కనబడలేదు' అనడం వేరు, 'తేడా లేదు' అనడం వేరు. మొదటిది అనొచ్చు, రెండోది అనకూడదు. చదువుకునే రోజుల్లో ఆ ఒక్క ముక్క మా బుర్రల్లోకి ఎక్కించడానికే ప్రొఫెసర్లు నానా తంటాలూ పడ్డారు. అదంతా నాకు గుర్తుంది.

"కాదత్తయ్యా. టెంక వల్ల కాదు" అన్నాను.

నా ఉద్యోగజీవితం మొత్తంలో 'బహుశా' అన్నది లేకుండా నేను చెప్పిన ఫలితం అదొక్కటే. ఆవిడ గుండె తేలికపడుతుందనుకున్నాను. ఏడుస్తారేమో, నా చెయ్యి పట్టుకుంటారేమో అని కూడా అనుకున్నాను. చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగింది చివరికి ఈ ఒక్క మాట ఆవిడకి ఇవ్వడానికే అనిపించింది.

ఆవిడ కుళాయి కట్టేశారు. చేతులు చీరకొంగుకి తుడుచుకుని, కిటికీ లోంచి పెరట్లోని మంచు వైపు చూస్తూ నిలబడ్డారు.

"వాడు రెండోది అడిగాడే" అన్నారు.

నేను తుడుస్తున్న గిన్నె కింద పెట్టాను.

"మొదటిది చీకేసి, చెయ్యి చాపి, ఇంకోటి అమ్మా అన్నాడు. పథ్యం కదా నాన్నా, తగ్గాక పెడతానని జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టేశాను." ఆవిడ మళ్ళీ కుళాయి తిప్పారు. "పెట్టాల్సింది."